రెండు గంటలే గుర్తుంటే

ఒక రాత్రి మా సర్వర్ పడిపోయింది. ఎందుకో చూద్దామని పొద్దున్నే లాగ్స్ తెరిస్తే ఏమీ లేవు. పాతవాటి మీద కొత్తవి వచ్చి పడ్డాయి. ఖర్చు తగ్గుతుందని ఆ సెట్టింగ్ పెట్టింది నేనే. అసలు తప్పెక్కడో మాకు ఇప్పటికీ తెలీదు.

ఇదే విమానంలో జరిగితే? జరిగింది కూడా. 2024 జనవరి 5న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి, దాదాపు 15 వేల అడుగుల ఎత్తులో, తలుపు స్థానంలో బిగించిన ప్యానెల్ ఊడిపోయింది. అదృష్టం బాగుండి 177 మందీ ప్రాణాలతో దిగారు. తీరా కాక్‌పిట్‌లో పైలట్ల మాటలు విందామంటే రికార్డర్‌లో ఆ మాటలే లేవు. అది దాచుకునేది చివరి రెండు గంటలే. దిగాక ఎవరూ ఆపకపోవడంతో అంతా చెరిగిపోయింది. దాన్ని 25 గంటలకు పెంచమని అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2018లోనే చెప్పింది!

చివరికి అది చట్టమైంది. 2024 మే 16న బైడెన్ సంతకం చేసిన విమానయాన చట్టం 25 గంటల రికార్డర్లను తప్పనిసరి చేసింది. పాత ప్రయాణికుల విమానాలకు ఆరేళ్ల గడువిచ్చింది. 2028 వరకు ఎఫ్ఏఏకి సుమారు 10,500 కోట్ల డాలర్ల నిధులకూ అనుమతిచ్చింది.

రెండు పార్టీలూ కలిసే ఓటేశాయి. ప్రతినిధుల సభలో 387–26, సెనేట్‌లో 88–4. సెనేట్‌లో వద్దన్న నలుగురూ బైడెన్ పార్టీవాళ్లే! వాషింగ్టన్‌లోని రీగన్ ఎయిర్‌పోర్టుకి ఇంకా విమానాలు పెంచితే ప్రమాదమని పక్క రాష్ట్రాలైన వర్జీనియా, మేరీలాండ్ నుంచి వచ్చిన వాళ్ల అభ్యంతరం. అంటే గొడవ పార్టీల మధ్య కాదు, రన్‌వే మీద.

అయినా ఇంత మద్దతున్న చట్టానికి ముందు, పాత చట్టాన్ని నాలుగుసార్లు తాత్కాలికంగా పొడిగించారు. చివరిసారి వారం రోజులకే! వారం వారం బతికే సంస్థ ఆరేళ్ల పని ఎలా ప్లాన్ చేస్తుంది?

నాకు ఆ బాధ తెలుసు. స్టోరేజ్ పెంచుదామని అడిగిన ప్రతిసారీ "ఈ నెలకి ఇలా కానిద్దాం" అనేవాళ్లు. నేనూ సరే అనేవాణ్ని. మా దగ్గర పోయింది లాగ్స్ మాత్రమే కాబట్టి సరిపోయింది.