బంతిలో కూర్చున్నవాళ్లు

పెళ్లి వీడియోలో పెళ్లికూతురు కమలంలోంచి పుట్టేది. ఆ కమలం ఎక్కడినుంచో గిరగిరా తిరుగుతూ వచ్చి తెర మధ్యలో విచ్చుకునేది. అందులో అమ్మాయి తల వంచుకుని కనిపించేది. ఆ వెంటనే ప్రేమగుర్తులో పెళ్లికొడుకు. వెనకాల 'పెళ్లిపుస్తకం' (1991) సినిమాలోని పెళ్లిపాట. అంతకుముందు తీసినదైతే 'సీతారామ కల్యాణం' (1961)లోని కల్యాణం పాట. తొంభైల్లో పెళ్లిళ్లు చేసుకున్నవాళ్ల బీరువాల్లో, పట్టుచీరల అరలో, ఇలాంటి నల్ల క్యాసెట్ ఒకటైనా ఉంటుంది. పెళ్లయి పాతికేళ్లు నిండాయనో, అమ్మమ్మ పోయిందనో, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలని ఇప్పుడు చాలామందికి బుద్ధి పుడుతోంది.

ఎక్కించాల్సిందే. ఏం ఎక్కించాలన్నదాని మీదే నా పేచీ.

ముందు యంత్రం సంగతి. ఈ నల్ల క్యాసెట్ పద్ధతి పేరు వీహెచ్ఎస్. దాన్ని జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో బయటపెట్టింది. మనకు 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో కలర్ టీవీ వచ్చాక, ఆ క్యాసెట్‌ను ఆడించే వీసీఆర్ కూడా వచ్చింది, ఇళ్లకంటే ముందు కిరాయి కొట్లకు. ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని, నాలుగిళ్లవాళ్లూ చాపలేసుకుని తెల్లారేదాకా సినిమాలు చూసి, మధ్యలో ఎవరిదో పెళ్లి కూడా చూసేవాళ్లు. అందరూ మానేశాక కూడా వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన ఫునాయ్ అనే జపాన్ కంపెనీ 2016 జులైలో చేతులెత్తేసింది. ఇప్పుడు తిరుగుతున్నవన్నీ పాతవే. రబ్బరు బెల్టులు సాగుతాయి, హెడ్లు అరుగుతాయి, బాగుచేసే మెకానిక్కులు సెల్‌ఫోన్ల వైపు మళ్లిపోయారు. 2025 నాటికి ఎక్కించని టేపుల్లో చాలావాటి మీద ఆశ వదులుకోవాల్సిందేనని ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, శబ్ద భాండాగారం 2015లోనే హెచ్చరించింది. ఆ గడువూ వచ్చేసింది. చాలా ఇళ్లలో క్యాసెట్ బాగానే ఉంది. దాన్ని చదివే యంత్రమే లేదు.

టేపు వెడల్పు అర అంగుళం. పాలిస్టర్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో పట్టించి చేస్తారు. వాలుగా బిగించిన లోహపు డ్రమ్ము నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే, దానికున్న హెడ్లు బజ్జీలకు అరటికాయ తరిగినట్టు టేపు మీద ఏటవాలు గీతలు గీస్తాయి. ఒక్కో గీతలో సగం బొమ్మ, సెకనుకు యాభై గీతలు. వెంట్రుకవాసి తేడా వచ్చినా తెర పైభాగం ఒక పక్కకి ఒరిగిపోతుంది, తెల్ల చుక్కలు రాలతాయి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకో బాధ, ఫంగస్. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి పొర కనిపిస్తుంది. అలాంటిదాన్ని వీసీఆర్‌లో పెడితే ఆ బూజు హెడ్డుకు అంటుకుని, తరవాత పెట్టే పక్కింటివాళ్ల పెళ్లికి కూడా పాకుతుంది. కాబట్టి మొదట చెయ్యాల్సింది ప్లే నొక్కడం కాదు, కిటికీలోకి తొంగిచూడటం.

ఇక అమెరికా అల్లుళ్ల కథ వేరు. మన దేశంలో తీసినది పాల్ పద్ధతి, తెరకు 625 గీతలు. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు. సామాన్లలో భద్రంగా పెట్టుకెళ్లిన క్యాసెట్‌ను డల్లాస్‌లో వేస్తే పెళ్లికొడుకు తెర మీద కిందికీ పైకీ దొర్లేవాడు. రెండు పద్ధతులూ తెలిసిన వీసీఆర్ ఎవరింట్లో ఉందో వాకబు చేసుకుని వెళ్లేవాళ్లు.

క్యాసెట్ వెన్ను మీద చిన్న ప్లాస్టిక్ పలక ఉండేది. దాన్ని విరగ్గొడితే మళ్లీ దాని మీద రికార్డు అవదు. అయితే ప్రతి ఇంట్లోనూ ఓ తెలివైన మేనమామ ఉంటాడు. విరిగినచోట సెల్లోటేపు అంటించి, కొత్త క్యాసెట్ డబ్బులు మిగిల్చాననుకుంటూ ఆదివారం పొద్దున వచ్చే 'రామాయణం' (1987-88) దాని మీదే రికార్డు చేసేస్తాడు. అందుకని కొన్ని పెళ్లిళ్లలో అప్పగింతల ఏడుపు సగంలో ఉండగానే అయోధ్య ఏడుపు మొదలవుతుంది. నన్నడిగితే దాన్ని కూడా కొయ్యకూడదు. మధ్యలో వచ్చే సబ్బు ప్రకటనతో సహా అదీ ఆ ఇంటి చరిత్రే.

బజారులో 'పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి మార్చబడును' అని బోర్డు కట్టినవాళ్లు సాధారణంగా మంచివాళ్లే. మనకు సాయం చేద్దామనే మితిమీరిన ఉత్సాహంతోనే వస్తుంది చిక్కంతా. మొదట, పాత టీవీకి తగిన దాదాపు చదరపు బొమ్మను కొత్త టీవీ నిండేలా అడ్డంగా సాగదీస్తారు. దాంతో చుట్టాలందరూ ఒక్క దెబ్బన ఒళ్లు చేస్తారు. తరవాత 'బోరుగా ఉన్నవి' తీసేస్తారు. వెలిసిన రంగుల మీద కొత్త రంగు పూస్తారు. ఇంకా ఉత్సాహం మిగిలితే కొత్త పాట వేస్తారు. 2005 ప్రాంతాల్లో ఇదే ఉత్సాహంతో డీవీడీలు చేసిచ్చి, 'ఇంకా ఈ డొక్కు ఎందుకండీ' అంటే, క్యాసెట్లు పారేసినవాళ్లు బోలెడుమంది. ఇంట్లో రాసుకునే డీవీడీలో బొమ్మ నిలిచేది పల్చటి రంగు పొర మీద. ఎండకీ వేడికీ అది చెడిపోతుంది. పాత క్యాసెట్ ఇప్పటికీ గీతలతోనైనా ఆడుతోంది, దాన్ని కాపాడటానికి చేయించిన డీవీడీ తెరుచుకోవడం లేదు. కాబట్టి పెన్‌డ్రైవ్ చేతికొచ్చాక కూడా క్యాసెట్‌ను పారెయ్యకండి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం మాత్రం ఎప్పుడో జరిగిపోయింది, మిక్సింగ్‌లో. వీడియో అతను పెళ్లిలో తీసిన అసలు క్యాసెట్ వేరు, మనకిచ్చినది వేరు. మనకిచ్చినదానిలో మంత్రాలు తీసి పాట పెట్టాడు. ఆడపడుచుల వేళాకోళం తీసి సన్నాయి పెట్టాడు. అసలు క్యాసెట్‌ను తుడిపేసి తరవాతి పెళ్లికి వాడుకున్నాడు. అతన్నీ అనలేం, క్యాసెట్ ఖరీదు అలాంటిది. ఈ పాట మనల్ని ఇంకా వదల్లేదు. పెళ్లిని యూట్యూబ్‌లో పెడితే అది పాటను గుర్తుపట్టి, హక్కులు వేరేవాళ్లవని చెప్పి ఒక్కోసారి నోరు నొక్కేస్తుంది. ఎవరింట్లోనైనా మిక్సింగ్ చెయ్యని క్యాసెట్ దొరికితే అది బంగారం. అందులో బొమ్మ బాగా లేకపోయినా ఫరవాలేదు. 'ఒరేయ్, వియ్యపురాలికి మంచినీళ్లు ఇచ్చారా?' అని ఎవరో వెనకనుంచి కేకేస్తారు. ఆ గొంతు మరెక్కడా దొరకదు.

బొమ్మలో నేను ముందు వెతికేది బంతి భోజనాలు. తాళి కట్టడం, తలంబ్రాలు ఆల్బంలోనూ ఉంటాయి. ఆల్బంలోకి ఎక్కాలంటే వేదిక ఎక్కి, వధూవరుల పక్కన నిలబడి, ఫోటో అతను చూడమన్నవైపు చూడాలి. అంత చొరవ లేనివాళ్లు, రాత్రి బస్సు పట్టుకోవాల్సినవాళ్లు, పక్కవీధివాళ్లు, నాన్నతో పనిచేసిన గుమాస్తా, వీళ్లందరూ దొరికేది బంతిలోనే. కుర్రాడు లైటు ఎత్తి పట్టుకుంటాడు, కెమెరా ఆకుల వెంట నెమ్మదిగా నడుస్తుంది. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోతుంది. ఒకాయన నమస్కారం పెట్టబోయి, చేతికి పప్పు ఉందని గుర్తొచ్చి ఆపేస్తాడు. ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పిల్లలు మాత్రం కళ్లార్పకుండా కెమెరానే చూస్తూ అప్పడం నములుతారు. వీళ్లలో చాలామంది కదులుతున్న బొమ్మ ఈ లోకంలో ఇదొక్కటే. కొట్లో ముందు కోసేసేదీ ఇదే.

ఇక ఆఖరి బంతి. పందిరి వేసినవాళ్లు, మేళంవాళ్లు, గాడిపొయ్యి దగ్గర తెల్లారినుంచీ నిలబడ్డవాళ్లు తినేవేళకి కెమెరా సర్దేసేవాళ్లు. అప్పగింతలకి టేపు మిగలాలిగా. ఆ బంతి ఏ క్యాసెట్‌లోనూ నాకు కనబడలేదు.

కనబడకూడదనుకున్నవాళ్లు ఒక్కోసారి కనబడతారు కూడా. పాత డబ్బా టీవీలు బొమ్మ అంచుల్ని కాస్త చట్రం కింద దాచేసేవి. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఆ అంచులు కూడా వస్తాయి. అడుగున మెలికలు తిరిగే ఓ గీత ఉంటుంది, దాన్ని తీసెయ్యాలని కొట్లో నాలుగుపక్కలా కత్తిరిస్తారు. మా చిన్నాన్న పెళ్లి కత్తిరించకుండా చేయించాం. జీలకర్ర బెల్లం పెడుతున్నప్పుడు ఎడమ అంచున, గది గుమ్మంలో, తలుపు రెక్క పట్టుకుని మా మేనత్త నిలబడి ఉంది. భర్త పోయిన ఆడవాళ్లు శుభకార్యంలో ఎదురుపడకూడదని ఆవిణ్ని లోపలే ఉంచారు. ఆ క్యాసెట్‌ను అన్నేళ్లు అన్నిసార్లు వేసుకున్నా టీవీలో ఆవిడ ఎప్పుడూ రాలేదు.

ఈమధ్య కృత్రిమ మేధతో పాత వీడియోలు తళతళలాడేలా చేసిస్తామంటున్నారు. చూశాను. మసకగా ఉన్న తాతయ్య మొహం మీద కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కాకపోతే అవి తాతయ్యవి కావు. టేపులో లేని వివరాన్ని ఆ సాఫ్ట్‌వేర్ వేలమంది ఇతరుల మొహాలు చూసి నేర్చుకున్నదాంతో అల్లి పెడుతుంది. సరదాకి ఒక కాపీ చేయించుకోండి, అసలుగా దాచుకోవద్దు. మా మేనత్త నిలువెత్తు మసక. ఆవిడకి కొత్త మొహం నాకక్కర్లేదు.

దాచుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. డీవీ అనే డిజిటల్ పద్ధతిలో ఎక్కిస్తే గంటకి సుమారు 13 జీబీ, మూడు గంటల క్యాసెట్‌కి 40 జీబీ లోపే. అది ముట్టుకోకుండా ఉంచి, ఫోన్లలో చూసుకోవడానికి చిన్న కాపీ వేరే చేసుకోవాలి. పెద్దదానికి మూడు ప్రతులు, ఒకటి వేరే ఊళ్లో. అన్నదమ్ములు తలో ఊళ్లో స్థిరపడటం వల్ల ఒరిగిన కొద్దిపాటి మేళ్లలో ఇదొకటి.

డబ్బుతో కానిది, పేర్లు. పెద్దవాళ్లు ఉండగానే బంతి దృశ్యం వేసి, ఆపి ఆపి అడగాలి. పిన్ని, అత్తయ్య, బాబాయి ముగ్గుర్నీ కూర్చోబెట్టాను.

"ఆకుపచ్చ రవిక ఆవిడ ఎవరు పిన్నీ?"

"మన శేషమ్మగారి కోడలు కాదూ!"

"నీ మొహం, శేషమ్మగారికి కొడుకులెక్కడ? తణుకు వాళ్లమ్మాయి అది," అంది అత్తయ్య.

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుని, తెర దగ్గరికి వెళ్లి చూసి, "ఈవిడ మనవాళ్లు కానే కాదు. పక్క కల్యాణ మంటపానికి వచ్చి, పొరపాటున మన బంతిలో కూర్చున్నట్టుంది," అన్నాడు.

పేర్లు రాసుకునే ఫైల్లో ఆవిడ ఎదురుగా మూడూ రాసిపెట్టాను.