గారడీవాడి తాడు, నా వ్యాసం పక్కన ఒక ప్రశ్నార్థకం

పోయిన నెల టెస్ట్ సిరీస్‌లో ఎస్సే పేపర్ రాశాను. కనిపించేదంతా నిజమేనా అన్న తరహా టాపిక్. ఇలాంటిది చూడగానే మనమందరం చేసే పని మీకు తెలిసిందే. విషయం సంగతి తర్వాత, ముందు మొదటి పేరాకి ఒక కథ కావాలి. నాకు వెంటనే ఇండియన్ రోప్ ట్రిక్ గుర్తొచ్చింది. గారడీవాడు తాడుని గాల్లోకి విసురుతాడు, అది కర్రలా నిలబడిపోతుంది, ఒక కుర్రాడు దాని మీదుగా ఎక్కి పైన మాయమైపోతాడు. "వేల ఏళ్లుగా మన దేశపు వీధుల్లో ప్రదర్శిస్తున్న ఈ విద్య..." అని దర్జాగా మొదలుపెట్టాను.

పేపర్ దిద్ది ఇచ్చారు. 125కి 48. ఆ వాక్యం పక్కన ఎర్రసిరాతో పెద్ద ప్రశ్నార్థకం, దాని కింద రెండే మాటలు: "ఎవరు చూశారు?"

మొదట కోపమొచ్చింది. తర్వాత వెతకడం మొదలుపెట్టాను. పాలిటీ రివిజన్ పక్కన పెట్టి నాలుగు రోజులు దీని మీద కూర్చున్నాను. ఈ పోస్ట్ ఆ నాలుగు రోజుల నోట్స్ అనుకోండి.

ముందు ఆ తాడు సంగతి. 1890 ఆగస్టులో షికాగో ట్రిబ్యూన్‌లో ఒక కథనం వచ్చింది. ఇద్దరు అమెరికన్ యువకులు ఇండియా వెళ్లారట. ఒకడు బొమ్మ గీశాడు, ఇంకొకడు కెమెరాతో ఫొటో తీశాడు. బొమ్మలో తాడు, ఎక్కుతున్న కుర్రాడు, అన్నీ ఉన్నాయి. ఫొటోలో మాత్రం నేల మీద కూర్చున్న ఫకీరు తప్ప ఏమీ లేదు. కాబట్టి అది సామూహిక హిప్నాటిజం అని కథనం తేల్చేసింది. ఫొటో తీసిన వాడి పేరు ఫ్రెడ్ ఎస్. ఎల్మోర్. ఆ ఇంగ్లీషు పేరుని గబగబా పలికి చూడండి, "సెల్ మోర్" అని వినిపిస్తుంది. పత్రిక ఎక్కువ అమ్ముడుపోవాలని కల్పించిన కథ అది. నాలుగు నెలల తర్వాత పత్రికే ఆ సంగతి ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు ఏదో మూల వచ్చింది, కథ మాత్రం అప్పటికే ప్రపంచం చుట్టేసింది. రాసిన విలేఖరి జాన్ ఎల్బర్ట్ విల్కీ. ఇదే మనిషి 1898లో అమెరికా సీక్రెట్ సర్వీస్‌కి అధిపతి అయ్యాడు. దొంగనోట్లు పట్టుకునే శాఖ అది. దీని మీద వ్యాఖ్య మీకే వదిలేస్తున్నాను.

ఈ విషయాన్ని తవ్వి తీసినవాడు పీటర్ లామంట్ అనే చరిత్రకారుడు. 2004లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. 1930లలో లండన్ మెజీషియన్ల సంఘం మేజిక్ సర్కిల్, ఆరుబయట ఈ ట్రిక్ చేసి చూపిస్తే 500 గినీలు ఇస్తామని ప్రకటించింది. ఎవరూ గెలుచుకోలేదు.

అయితే ఆ ఊహ పూర్తిగా విదేశీ సరుకేనా అంటే, కాదు. శంకరాచార్యుల బ్రహ్మసూత్ర భాష్యంలో కత్తీ డాలూ పట్టుకుని దారం మీదుగా ఆకాశానికి ఎక్కే మాయావి ఉదాహరణగా వస్తాడు. పైకి ఎక్కుతున్నట్టు కనిపించేవాడు మాయ, నేల మీద నిలబడ్డవాడే అసలు మనిషి అని అక్కడి వాదన. పద్నాలుగో శతాబ్దపు ఇబ్న్ బతూతా కూడా ఇలాంటిదే చూశానని రాశాడు. కానీ చూసింది ఇండియాలో కాదు, చైనాలో. అంటే ఊహ పాతదే, పలు దేశాలది. మన వీధుల్లో వేల ఏళ్లుగా రోజూ జరిగిందని మాత్రం ఎవరూ చూపించలేదు. నేను రాసింది ఆ చూపించలేని ముక్కే. ఎర్రసిరా న్యాయమైనదే.

ఇక్కడితో ఆపేసి ఉంటే మళ్లీ పాలిటీకి వెళ్లిపోయేవాణ్ని. కానీ రాబర్ట్ హూడాన్ అడ్డం పడ్డాడు. నాది ట్రిపుల్ ఈ కాబట్టి ఈయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, క్షమించండి.

ఫ్రాన్స్‌లో గడియారాలు చేసే కుటుంబంలో పుట్టినవాడు. 1856 నాటికి స్టేజీ మానేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. అప్పుడు ఫ్రెంచి ప్రభుత్వం ఆయన్ని అల్జీరియాకి పంపింది. అక్కడి మరబూత్‌లు అనే మతగురువులు మహిమలు చూపించి జనాన్ని ఫ్రెంచి పాలన మీదికి ఎగదోస్తున్నారని సర్కారు భయం. వాళ్ల మహిమల కంటే ఫ్రెంచివాడి మహిమ గొప్పదని చూపించాలి. ఇదీ ఆయనకి అప్పగించిన పని.

ఆయన స్టేజీ మీద ఒక చిన్న పెట్టె పెట్టి, ప్రేక్షకుల్లోంచి బలమైన మనిషిని పిలిచాడు. ఎత్తమన్నాడు. అతను ఒంటిచేత్తో ఎత్తాడు. ఇప్పుడు నీ బలం తీసేస్తున్నాను, మళ్లీ ఎత్తు అన్నాడు. ఆ వీరుడు చెమటలు కక్కినా పెట్టె కదలలేదు. చివరికి ఒక్కసారిగా కేక పెట్టి, ఒళ్లంతా కొంకర్లు పోయి వదిలేశాడు. కారణం మీరు ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే. పెట్టె అడుగున ఇనుప పలక, స్టేజీ కింద విద్యుదయస్కాంతం. కరెంటు ఇస్తే పెట్టె నేలకి అతుక్కుంటుంది. చివరి కేక పిడి గుండా పంపిన షాక్‌ది. ఈ కథ ఆయన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు కాబట్టి మసాలా కాస్త తగ్గించుకుని చదవాలి. అల్జీరియా వెళ్లాడన్నది మాత్రం చరిత్రే.

కాలేజీలో సోలనాయిడ్ లెక్కలు ఎన్నో చేశాను. ఈ ప్రయోగం ఏ పుస్తకంలోనూ చూడలేదు. చదవగానే ముచ్చటేసింది, మరుక్షణం ఇబ్బందిగా అనిపించింది. ఒకడికి తెలిసిన సైన్సు ఇంకొకడికి తెలియదు. ఆ తేడానే పాలించే హక్కుగా చూపించుకున్నారు. ఎథిక్స్ పేపర్‌కి కేస్ స్టడీలు వెతుక్కునేవాళ్లు దీన్ని రాసిపెట్టుకోండి. "సైంటిఫిక్ టెంపర్" అంటే సైన్సు తెలిసి ఉండడమే అనుకుంటే హూడాన్ మంచివాడు అయిపోతాడు. 42వ సవరణతో 1976లో వచ్చిన 51ఏ(హెచ్)లో శాస్త్రీయ దృక్పథం పక్కనే మానవతావాదం, విచారణా దృష్టి అనే మాటలు కూడా ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి బట్టీ పట్టడానికే అనుకున్నాను.

ఇదే హూడాన్ పేరు చివర ఒక "ఐ" తగిలించుకుని తన పేరుగా పెట్టుకున్నవాడు హుడీని. అసలు పేరు ఎరిక్ వైస్, పుట్టింది బుడాపెస్ట్‌లో. ఆయన గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. 1912లో బెర్లిన్‌లో మొదటిసారి చూపించిన నీళ్ల తొట్టె, 1918లో న్యూయార్క్ హిప్పోడ్రోమ్ స్టేజీ మీద మాయం చేసిన ఏనుగు, ఇవన్నీ క్విజ్ ప్రశ్నలు. ఒక్క తప్పు మాత్రం దిద్దుకోండి. ఆయన నీళ్ల తొట్టెలో చనిపోలేదు. అది 1953 నాటి సినిమా చూపించిన ముగింపు. అపెండిక్స్ పగిలి 1926 అక్టోబర్ 31న డెట్రాయిట్ ఆసుపత్రిలో పోయాడు. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది అదే ఏడాది ఆయన అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ఇచ్చిన సాక్ష్యం. వాషింగ్టన్‌లో డబ్బు తీసుకుని జోస్యం చెప్పడాన్ని నిషేధించే బిల్లుకి మద్దతుగా, ఆత్మలతో మాట్లాడిస్తామనేవాళ్ల గుట్టు చట్టసభ సభ్యుల ముందే విప్పాడు. బిల్లు నెగ్గలేదు. మనకి 1954లో డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం వచ్చింది, ఉంది, అయినా టీవీ పెడితే తాయెత్తులే.

మనవాళ్లలో పి.సి. సర్కార్‌ని వదిలిపెట్టలేం. 1913లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్‌లో పుట్టాడు. ఇంగ్లీషులో "సార్సరర్" అన్న మాట స్ఫురించేలా ఇంటిపేరు స్పెల్లింగ్ మార్చుకున్నాడు. 1956 ఏప్రిల్ 9న బీబీసీ పనోరమా కార్యక్రమంలో దీప్తి దే అనే అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి రంపంతో కోశాడు. తర్వాత లేపబోయాడు. ఆమె లేవలేదు. ముఖం మీద గుడ్డ కప్పాడు. అంతలో ప్రెజెంటర్ రిచర్డ్ డింబుల్బీ కెమెరా ముందుకొచ్చి కార్యక్రమం అయిపోయిందని చెప్పేశాడు. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం చేసిన ఫోన్లతో బీబీసీ లైన్లు స్తంభించిపోయాయి. సమయం మించిపోయిందని బీబీసీ వివరణ. టైము చూసి కొట్టాడని మేజిక్ ప్రపంచం నమ్మకం. ఏదైతేనేం, మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో ఆయనే, లండన్ థియేటర్ టికెట్లన్నీ ఖాళీ. నాకైతే రంపం కంటే ఆ గడియారమే పెద్ద ట్రిక్ అనిపిస్తుంది. 1964లో పద్మశ్రీ. 1971 జనవరిలో జపాన్ పర్యటనలోనే పోయాడు. కొడుకు సర్కార్ జూనియర్ 2000లో తాజ్‌మహల్‌ని మాయం చేసి చూపించాడు. అమెరికాలో 1983లో కాపర్‌ఫీల్డ్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని చేసినట్టు. కట్టడాలు మాయం చేయడం నాకెందుకో అంత రుచించదు.

సర్కార్ ప్రదర్శనలో పదే పదే వచ్చే చిన్న ఐటమ్ ఒకటుంది, "వాటర్ ఆఫ్ ఇండియా". చెంబులో నీళ్లన్నీ ఒంపేస్తాడు. కాసేపటికి మళ్లీ ఒంపుతాడు, మళ్లీ నీళ్లు. అది చదివి ఉలిక్కిపడ్డాను. ఆరో తరగతిలో మా జెడ్పీ హైస్కూలుకి రేకు పెట్టెతో వచ్చిన గారడీ ఆయన సరిగ్గా ఇదే చేశాడు. తలకి రెండు రూపాయలు. సోషల్ సారు చెవిలోంచి రూపాయి బిళ్ల తీశాడు, చెంబు మాత్రం గంట సేపట్లో నాలుగుసార్లు ఖాళీ చేశాడు. దాని గుట్టు ఇప్పుడు తెలుసు: చెంబులో రెండు అరలు, మధ్యన చిన్న బెజ్జం, కింద పెట్టగానే పక్క అరలోని నీళ్లు మెల్లగా లోపలికి దిగుతాయి. ఫ్లూయిడ్ మెకానిక్స్ మొదటి చాప్టర్. ఒకే చెంబు. ఒకాయనకి పద్మశ్రీ, ఇంకొకాయనకి మా హెడ్మాస్టరు గారి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడడం.

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడుంది. బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, 1959. దాన్ని ఢిల్లీకి కూడా వర్తింపజేశారు. అందులో భిక్షాటన నిర్వచనం చదవండి. పాట, నాట్యం, జోస్యం, ప్రదర్శన పేరుతో బహిరంగ స్థలంలో డబ్బు అడిగినా భిక్షాటనే. అంటే టికెట్ పెట్టి థియేటర్లో చేస్తే కళ, టోపీ పట్టుకుని రోడ్డు మీద చేస్తే నేరం. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ చట్టంలో భిక్షాటనని నేరం చేసే సెక్షన్లను కొట్టేసింది. మన తీర్పుల జాబితాల్లో అది ఆర్టికల్ 21 కింద ఒక్క లైను. గారడీవాళ్లూ తోలుబొమ్మలవాళ్లూ దశాబ్దాలుగా ఉన్న ఢిల్లీ కఠ్‌పుత్లీ కాలనీని అంతకు ముందు ఏడాదే, 2017లో, పునరభివృద్ధి కోసం కూల్చారు. వీధి వ్యాపారులకి 2014 చట్టం ఉంది. వస్తువులు అమ్మేవాళ్లతో పాటు సేవలందించేవాళ్లు కూడా అందులో వస్తారు. గారడీ సేవేనా? టౌన్ వెండింగ్ కమిటీలో మీరు కూర్చున్న రోజున ఎవరైనా అడిగితే ఏమంటారు? నా దగ్గర జవాబు లేదు, కామెంట్లలో రాయండి.

ఇన్ని రాస్తున్నానుగానీ నా సంగతి కూడా చెప్పాలి. మొన్న ఊరెళ్లినప్పుడు సంత దగ్గర ఒక ముసలాయన, ఒక పెద్దావిడ డోలు కొడుతూ గారడీ చేస్తున్నారు. పది నిమిషాలు కాలేదు, యూనిఫారంలో ఒకాయన వచ్చి లాఠీతో రేకు పెట్టె మీద కొట్టాడు. "ముష్టోళ్లకి ఇక్కడేం పని? లెగండి" అన్నాడు. సరిగ్గా 1959 నాటి నిర్వచనం, ఆ చట్టం చదవని మనిషి నోట. హైకోర్టు తీర్పు నాకు నోటికొచ్చు. ఆ తీర్పు మన దగ్గర వర్తించదనీ తెలుసు. అయినా సార్, వీళ్లు అడుక్కోవట్లేదండీ అని ఒక్కమాట అనొచ్చు. అనలేదు. గుంపుతో పాటు నేనూ రెండడుగులు వెనక్కి వేశాను.

వాళ్లు సామాను సర్దుకుని వేపచెట్టు కిందికి వెళ్లాక, నేనూ వెళ్లి యాభై నోటు ఇచ్చాను. పెట్టెలో ఇత్తడి చెంబు కనిపించింది. పక్క అర గురించి అడగాలనిపించి ఊరుకున్నాను.

"పెద్దాయనా, తాడు గారడీ వచ్చా నీకు?" అన్నాను.

నవ్వాడు. "మా నాయన చూశానని చెప్పేవోడు బాబూ. ఆయన కూడా ఆళ్ల నాయన చూశాడని చెప్పేవోడు." పెట్టెకి తాడు బిగిస్తూ అన్నాడు, "వచ్చినా ఎక్కేదెవరు? మనవడు టౌన్‌లో ఐటీఐ. కరెంటు పని నేర్చుకుంటన్నాడు."