మందు కొట్టడం అయిపోయాక అసలు పని

ముసురు పట్టిందంటే మదనపల్లె చుట్టుపక్కల టమాటా రైతులకు కంటి మీద కునుకుండదు. ఆకు తడి ఆరకపోతే ఆకుమాడు తెగులు అడుగాకుల మీద వలయాలు వలయాలుగా మచ్చలు పెట్టి పైకి పాకుతుంది. అలాంటి రోజుల్లో ఆ పక్కనే ఒక తోటకు వెళ్లాను. ఆలుమగలు బోర్డో మిశ్రమం కలిపే పనిలో ఉన్నారు.

1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే ఆచార్యుడు ద్రాక్ష తెగులుకు ఈ మందు పనిచేస్తుందని ప్రకటించాడు. కావలసిన సరుకు రెండే. 100 లీటర్ల నీళ్లకు మైలుతుత్తం కిలో, సున్నం కిలో. తుత్తాన్ని గుడ్డలో మూట కట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ల పైభాగాన వేలాడదీశారు. కరిగిన నీలం బరువుకు తీగలు తీగలుగా అడుక్కి దిగుతోంది. ఇనుప పాత్ర వాడితే తుత్తం దాన్ని తినేస్తుంది. ఇంకో డ్రమ్ములో సున్నం పాలు గుడ్డలో వడకట్టి సిద్ధంగా ఉన్నాయి.

"తుత్తం నీళ్లే సున్నంలోకి పోయాల అన్నా. తిరగేసి పోస్తే విరిగిపోతాది" అన్నాడాయన. ఆమె చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకుని కర్రతో కలుపుతుంటే డ్రమ్ము లేత ఆకాశం రంగుకు తిరిగింది. కొడవలి మొన కాసేపు ముంచి తీశారు. ఎర్రటి రాగి పూత పట్టింది. సున్నం చాల్లేదన్నమాట. ఇంకొంచెం పోసి, కొడవలి రుద్ది మళ్లీ ముంచితే ఈసారి మెరుస్తూ వచ్చింది. ఈ పరీక్ష మానేసి కొడితే ఆకు మాడేది తెగులుకు కాదు, మందుకే.

కలిపింది ఆ పూటే కొట్టేయాలి. ఇది ఆకును కాచే మందు, రోగం లోపలికి దిగాక చేయగలిగింది తక్కువ. అందుకే ఆకుల అడుగు కూడా తడిసేలా కొట్టాడు.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి పని. చాలా తోటల్లో పంపును బావి గట్టునో కుంటలోనో జాడించేస్తారు. రాగి చేపలకు విషం. అది మట్టిలో కుళ్లి పోయేదీ కాదు, కడిగిన చోటే పేరుకుంటుంది. ఈయన మాత్రం పంపులో మంచినీళ్లు పోసి, కుదిపి, మందు తగలని గట్టు సాళ్ల మీదే కొట్టాడు. అలా మూడుసార్లు. నాజిల్ విప్పి పాత పళ్ల బ్రష్షుతో రుద్దాడు. పూడిన నాజిల్‌ను నోటితో ఊదే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. అది ఎంత మాత్రం కూడని పని. ఖాళీ సంచిని కూడా నీళ్లకో గింజలకో మళ్లీ పనికిరాకుండా చించేశాడు. ఆయన వేసుకున్న బట్టలను ఆమె వేరే బకెట్టులో నానేసింది.

షెడ్డు మూలన ఎర్ర రంగు పూసిన పంపు ఇంకొకటి ఉంది. అది కలుపు మందుకే. 2,4-డి చుక్క మిగిలినా టమాటా ఆకు ముడుచుకుని మెలి తిరుగుతుంది. మూడుసార్లు కడిగినా దాన్ని నమ్మడానికి లేదు.

"అందుకే దానికి రంగేసినా. పొరపాటున కూడా ఎవురూ ఇక్కడికి తేకూడదు" అన్నాడు.