మనసుకు థర్మామీటరు ఉందా?

జ్వరమొస్తే థర్మామీటరు పెట్టుకుంటాం. బి.పి.కి పట్టీ కట్టి చూస్తాం. మరి మనసు సంగతి? "ఈ నెల రోజులూ ఎలా ఉన్నారు?" అని నేనడిగితే, ఆ పూట ఎలా ఉంటే నెలంతా అలాగే గడిచినట్లు చెబుతారు చాలామంది. అబద్ధమాడుతున్నారని కాదు. దిగులుగా ఉన్నప్పుడు దిగులు రోజులే ముందు గుర్తుకొస్తాయి.

ఒక ఇల్లాలి సంగతి చెబుతాను. "ఈవిడకి ఎప్పుడూ చిరాకే డాక్టరుగారూ" అని భర్త ఫిర్యాదు. అత్తగారిదీ అదే మాట. చివరికి ఆమె కూడా "నా స్వభావమే అంతేమోనండీ" అంటూ కళ్ళొత్తుకుంది. అప్పుడే మందు రాయలేదు నేను. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరులోనే రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక అంకె వెయ్యమన్నాను. భరించలేని రోజయితే 0, హాయిగా గడిస్తే 10. రెండు నెలల తర్వాత చూస్తే చాలా రోజులకు 6, 7, 8 ఉన్నాయి. బహిష్టుకు ముందు అయిదారు రోజులు మాత్రం 2, 3! ఆ "ఎప్పుడూ" అన్న మాట క్యాలెండరులో ఎక్కడా కనబడలేదు. దీనికి చికిత్స ఉంది. అయితే జబ్బును ఖాయం చెయ్యాలంటే కనీసం రెండు నెలసరుల పాటు ఇలాంటి రోజువారీ లెక్క చూడాలన్నది నిపుణుల నియమం.

మీరూ రాయదలచుకుంటే రోజూ ఒకే వేళకు రాయండి. డిప్రెషన్ ఉన్న కొందరికి పొద్దున్న బరువుగా ఉండి, సాయంత్రానికి తేలికపడుతుంది. ఒకరోజు పొద్దున్న, మర్నాడు రాత్రి రాస్తే మారింది మనసో, గడియారమో తేలదు. పక్కనే ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా వెయ్యండి.

మరిచిపోయిన రోజు ఖాళీగా వదిలెయ్యండి. పరీక్ష ముందురోజు రికార్డు నింపే కాలేజీ కుర్రాళ్ళలా ఒకేసారి పూర్తి చెయ్యకండి సుమా! దీర్ఘకాలపు నొప్పులున్నవారికి కాగితపు డైరీలిచ్చి, తెరిచినప్పుడల్లా సమయం నమోదయ్యే ఏర్పాటు వారికి తెలియకుండా పెట్టి చూశారు కొందరు పరిశోధకులు. వేళకు రాశామని రోగులు చూపింది నూటికి 90. నిజంగా రాసింది 11! 2002లో వెల్లడైంది ఈ సంగతి.

రెండు వారాలు వరసగా అంకె పైకి లేవకపోయినా, నిద్ర తగ్గిపోయి హుషారు అమితంగా పెరిగినా ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం అంకెల సంగతి పక్కన పెట్టి, ఆ క్షణాన్నే ఇంట్లోవాళ్ళకు చెప్పండి. లేదా 14416కు ఫోన్ చెయ్యండి. అది 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ. తెలుగులోనే మాట్లాడవచ్చు.