గడ్డం మీద నిలిచే మాస్కు

మా మార్కాపురం పేరు చెప్పగానే ఎవరికైనా పలకలే గుర్తొస్తాయి. ఆ పలక మన పిల్లల చేతికి రావాలంటే రాయి కోసేవాళ్ళు ఎంత దుమ్ము మింగాలో చూసినవాళ్ళకే తెలుసు. మా మామగారు ఆ పనిలోనే ముసలివారై, చివరి రోజుల్లో రెండు మెట్లెక్కితే ఆయాసపడేవారు. ఇప్పుడు మావారిదీ అదే పని. పైగా ఏటా అయ్యప్ప మాల వేస్తారు. 41 రోజులూ గడ్డం తీయరు. మా వీధిలో సాయిబులకైతే ఏడాది పొడవునా గడ్డమే.

2020లో కరోనా రోజుల్లో ఇంటింటా మాస్కులు కుట్టుకున్నాం కదా! మామూలు మాస్కు గడ్డం మీద నిలవదు. నాలుగు మాటలు మాట్లాడితే జారిపోతుంది. నేను ఇలా కుడతాను.

ముక్కు మీద నుంచి గడ్డం మీదుగా గొంతు దాకా టేపుతో కొలవండి. అడ్డంగా ఈ చెవి ముందు నుంచి ఆ చెవి ముందు దాకా కొలవండి. రెండింటికీ రెండేసి అంగుళాలు కలపండి. దగ్గర నేత నూలుగుడ్డ మూడు పొరలు తీసుకోండి. గడ్డం వచ్చేచోట రెండు పక్కలా డార్టు వేస్తే సంచిలా కుదురుతుంది. కింది అంచు మడిచి నాడా ఎక్కించి మెడ వెనక ముడి వేయాలి. పై నాడాలు తల వెనక్కి. చెవులకు ఎలాస్టిక్ వద్దు, గడ్డం తోసేస్తుంది. రోజూ సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి.

అయితే అక్కయ్యలూ, ఇది దగ్గు తుంపరలకు, రోడ్డు దుమ్ముకు మాత్రమే. రాతి దుమ్ములోని సిలికాను ఈ గుడ్డ ఆపలేదు. దానివల్ల వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందే లేదు. ఎన్95 మాస్కు కూడా చర్మానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది. గడ్డం అడ్డమైతే సందుల్లోంచి దుమ్ము పోతుంది. కరోనాలో కొందరు సిక్కు డాక్టర్లు గడ్డాన్ని సాగే పట్టీతో కప్పి, నడినెత్తిన ముడివేసి, దాని మీద మాస్కు పెట్టుకున్నారు. అదీ సరిగ్గా కుదిరిందో లేదో పరీక్ష చేయించుకున్నాకే.

అన్నిటికన్నా ముఖ్యం, కోసేచోట రాయి మీద నీళ్ళు పడుతూ ఉండాలి. తడిస్తే దుమ్ము అంతగా లేవదు. పని బట్టలు ఇంట్లో దులపకండి, బయటే నీళ్ళలో నానబెట్టండి. పిల్లలూ ఆ గాలే పీలుస్తారు కదా!

మాలలో ఉన్నన్నాళ్ళూ మావారిని నేనూ "స్వామీ" అనే పిలవాలి. రోజూ క్యారియర్ చేతికిస్తూ, "స్వామీ, నీళ్ళు లేకుండా రాయి కోయకండి" అంటాను. నవ్వుతారు గానీ వింటున్నారు. మీరూ చెప్పి చూడండి.