కవల పెయ్య

గన్నవరం పశువైద్య కళాశాలలో అడుగుపెట్టేసరికి తొమ్మిదిన్నర. క్లినిక్ ముందు ట్రాలీ ఆటోలో రెండు జెర్సీ దూడలు, ఒక కోడె, ఒక పెయ్య. పెయ్య మెడ మీద చెయ్యేసి ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన రైతు నిలబడ్డాడు.

"కోడెతో కలిసి పుట్టిన పెయ్య చూలు కట్టదని మా నాన్న అనేవాడు. నిజమేనా డాక్టరమ్మా?"

ఆవిడ జవాబు చెప్పకుండా సన్నటి గాజు గొట్టానికి నూనె రాసి, పెయ్య తోక ఎత్తి మెల్లగా లోపలికి పోనిచ్చారు. మామూలు పెయ్యకైతే ఐదంగుళాలైనా పోవాలి. మూడు కూడా పోలేదు.

"మీ నాన్నగారు చెప్పిందే నిజమండీ. ఇలాంటివి పదింట తొమ్మిది గొడ్డుపోతాయి."

నేను వెళ్లింది ఆ దూడల నెత్తురు సంగతి తెలుసుకుందామని. ఆవు చూడి కట్టిన నెలా నెలన్నరకే కవలల మాయల్లో రక్తనాళాలు కలిసిపోతాయట. కోడె వైపు నుంచి వచ్చే హార్మోన్లు పెయ్య గర్భసంచిని ఎదగనివ్వవు. వాటి వెంటే నెత్తురు పుట్టించే కణాలూ అటూ ఇటూ దాటి, ఒకదాని మూలుగలో ఇంకొకదానివి కాపురం పెడతాయి. 1945లో అమెరికాలో శాస్త్రవేత్త రే ఓవెన్ అలాంటి దూడల నెత్తురు చూస్తే, ఒక్కో దూడలో రెండు రకాల ఎర్రకణాలు కనిపించాయి. పరాయివాటిని ఒళ్లు తరిమెయ్యలేదు.

1953లో లండన్‌లో మెడవార్, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ ఆ కిటుకును ఎలుకల మీద పెట్టారు. గోధుమరంగు ఎలుక కడుపులోని పిల్లలకు తెల్లెలుక కణాలు ఎక్కించారు. పెద్దయ్యాక తెల్లెలుక చర్మం అతికిస్తే కొన్నిటికి పట్టుకుంది. గోధుమరంగు ఒంటి మీద తెల్లబొచ్చు ముక్క!

పుట్టాక ఇదే పని చెయ్యాలంటే చాలా మొరటు. 1955లో మెయిన్, ప్రెన్ ఎలుకల మూలుగను రేడియేషన్‌తో చంపి, వేరే జాతి మూలుగ ఎక్కించారు. బతికి బట్టకట్టినవి ఆ జాతి చర్మాన్నీ తమదే అనుకున్నాయి. చిక్కల్లా మూలుగతోపాటు వెళ్లే ఎదిగిన తెల్లకణాలతోనే: చేరిన ఇంటినే కొరుక్కు తింటాయి. లుకేమియాకూ తలసేమియాకూ మూలుగ మార్పిడి చేసే డాక్టర్లకు ఇప్పటికీ ఆ భయమే. కడుపులోని దూడలకు ఆ పోట్లాట లేదు. రెండూ పసివే, ఏది తనదో ఏది పరాయిదో అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాయి. నాకైతే మాయ చేసిన పని ముందు ఆ రేడియేషన్ నాటువైద్యంలా తోచింది.

పెయ్య రైతు తువ్వాలు కొస నోట పెట్టుకుని చీకుతోంది. "అమ్మేద్దామా?" అన్నాడతను ఇంటావిడ వైపు తిరిగి.

"పాలివ్వకపోతే పోనీ, పేడైనా వేస్తుందిగా. ఎక్కించవయ్యా, ఎండెక్కుతోంది."