చేవెళ్ల మర్రి చెట్ల కింద సెకండ్ హ్యాండ్ క్రూయిజర్

హైదరాబాద్‌లో కొత్తగా బండి చేతికొచ్చినవాళ్లను అడిగి చూడండి, మొదటి లాంగ్ రైడ్ ఎక్కడికని. సగం మంది అనంతగిరి అంటారు. అప్పా జంక్షన్ దాటాక మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ. అక్కడ కుడికి తిరిగితే వికారాబాద్. సిటీ నుంచి 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నేనూ ఆ రోడ్డు మీద తిరగాలనే బండి కొన్నా. ఏ బండి కొనాలో తేల్చింది కూడా ఆ రోడ్డే.

అప్పటిదాకా నాకు స్కూటీ తప్ప వేరే బండి తెలీదు. లైసెన్స్ కూడా గేర్ లేని బండిదే. (దాంతో గేర్ బండి నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే. చాలామంది పట్టించుకోరు గానీ, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర ఇదే అడ్డొస్తుంది.) అందుకే ముందు లెర్నింగ్ తీసుకుని, మా తమ్ముడి బండి మీద నేర్చుకుని, టెస్ట్ పాసయ్యాకే బండి వేట మొదలుపెట్టా.

క్రూయిజరే ఎందుకంటే, నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. అవెంజర్ సీటు నేల నుంచి 737 మిల్లీమీటర్లే. సిగ్నల్ దగ్గర రెండు కాళ్లూ పూర్తిగా నేలకు ఆనతాయి. మొదటిసారి గేర్ బండి ఎక్కేవాళ్లకు అది ఎంత ధైర్యమో ఎక్కితే తెలుస్తుంది.

చివరికి రెండు బండ్లు మిగిలాయి. ఒకటి 2016 మోడల్, 45 వేలు. క్రోమ్ తళతళ, సీటు కొత్తది, సైలెన్సర్‌లో ముఖం చూసుకోవచ్చు. రెండోది 2019 చివర్లో రిజిస్టర్ అయింది, 62 వేలు. ట్యాంకు మీద గీతలు, ఎండకు వెలిసిన సైడ్ ప్యానెల్స్. ఎవరి కన్నయినా మొదటిదాని మీదే పడుతుంది. మా అమ్మయితే ఫొటో చూసి "అదే తీస్కో, పెళ్లికొడుకులా ఉంది" అంది.

మా వీధి మెకానిక్ అన్నను వెంట తీసుకెళ్లా. ఆయన ముందు సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. వేడిగా ఉంది. పక్కకు పిలిచి, "చెల్లె, మనమొచ్చే టైంకు బండి గరం చేసి పెట్టిండంటే జర అనుమానపడాలె" అన్నాడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుందట. స్టార్ట్ కావడానికి మొరాయించడం, నీలం పొగ, టప్పెట్ల చప్పుడు, అన్నీ అప్పుడే. మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లాం. స్టార్టయ్యింది గానీ పొగ నీలంగానే వచ్చింది. ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్నమాట. ముందు టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూపించాడు: 1216. అంటే 2016లో 12వ వారం తయారైన టైరు. గాడులు బాగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోయింది.

రెండో బండి చల్లగానే ఉంది, ఒక్క సెల్ఫ్‌తో లేచింది. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మధ్యలో పట్టేయలేదు, కోన్‌సెట్ బాగుంది. ఫోర్కుల్లో ఆయిల్ లీకు లేదు. చైన్ మాత్రం మార్చాలన్నాడు, దానికి రెండు వేలు తగ్గించారు. అన్నిటికన్నా పెద్ద తేడా ముందు చక్రం దగ్గర కనిపించిన ఏబీఎస్ రింగు. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. 2016 బండికి అది లేదు, తర్వాత పెట్టించుకునే వీలూ లేదు. పదిహేను వేలు ఎక్కువ పెట్టి గీతల బండే తీసుకున్నా.

కాగితాల సంగతి పెద్ద కథేం కాదు. ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ తీరిపోయుంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. ఛాసిస్ నంబర్ ఆర్సీతో సరిపోతోందో లేదో మన కళ్లతోనే చూసుకోవాలి.

రెండు వారాలు కాలనీలో యూటర్న్‌లు ప్రాక్టీస్ చేశా. పొడుగు బండి కదా, ఇరుకులో తిరగదు. స్కూటీలా గిరుక్కున తిప్పాలని చూస్తే ఒరిగిపోతుంది.

ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరా. మొయినాబాద్ దాటాక మర్రి చెట్లు మొదలవుతాయి. రోడ్డుకు రెండు వైపులా, ఊడలు దిగి, పైన కొమ్మలు కలిసిపోయి, వందల చెట్లు. రోడ్డు వెడల్పు పనులు ఈ చెట్ల దగ్గరే ఏళ్లపాటు ఆగాయి. కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇదే రోడ్డు మీద 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొంది. కంకరంతా ప్రయాణికుల మీద పడింది. పోయినవాళ్లలో హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలూ ఉన్నారు. అక్కడికి వచ్చేసరికి స్పీడు దానంతటదే నలభైకి దిగింది.

చేవెళ్ల దాటాక ఓ లావుపాటి మొదలు వెనక నుంచి కూరగాయల ట్రాలీ ఆటో సడన్‌గా రోడ్డెక్కింది. రెండు బ్రేకులూ గట్టిగా పట్టేశా. చేతిలో లివర్ టకటకా కొట్టుకుంది, అదే ఏబీఎస్ పని. ముందు చక్రం జారలేదు, బండి నిటారుగా ఆగింది. ఆటోకి నాకు మధ్య ఓ మంచమంత దూరం. "మాఫ్ జెయ్ అక్కా" అని చెయ్యెత్తి వెళ్లిపోయాడు. నేను మాత్రం చెట్టు కింద పది నిమిషాలు కూర్చున్నా.

అనంతగిరి మలుపుల్లో బండి హాయిగా వాలుతుంది గానీ, స్పీడ్ బ్రేకర్లు నడుముకు తెలుస్తాయి. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి సీట్లోంచి లేవడం కుదరదు. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర బండి పెట్టి, చాయ్ తాగి, అడవిలో కాసేపు నడిచా. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడి నీళ్లే గండిపేటకు చేరతాయి. సిటీలో మూసీ పేరెత్తితే ముక్కు మూసుకునేవాళ్లు ఒక్కసారి ఇక్కడికి రావాలి.

చీకటి పడేలోపు చెట్ల రోడ్డు దాటెయ్యాలని మూడింటికే తిరుగుముఖం పట్టా.

ఆ తళతళల బండి యాడ్ మొన్న మళ్లీ కనిపించింది. 40 వేలకు దిగింది. ఎనిమిది ఫొటోలు పెట్టారు. ముందు టైరు ఒక్కదాంట్లోనూ దగ్గరగా లేదు.